కానుగ తేనె, మా అత్తమ్మ నాలుక

మా అత్తమ్మ నాలుకంటే ఇంట్లో అందరికీ జంకే. ఆమె కటువుగా మాట్లాడుతుందని కాదు. తిండి విషయంలో ఆమెను ఏమార్చడం ఎవరివల్లా కాదు, అందుకు. జోగిపేట దగ్గర ఒక ఊళ్లో ఏళ్ల తరబడి చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైంది. పలకమీద తప్పు దిద్దినట్టే కంచంలో తప్పు కూడా దిద్దేది. పాలు ఒక్క గుటక తాగి, పాలాయన కలిపింది బోరు నీళ్లో మంజీర నీళ్లో చెప్పేస్తుందని మా ఆయన నవ్వేవాడు.

నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. నేను పటాన్‌చెరు దగ్గర ఒక ఇంజనీరింగ్ ఫ్యాక్టరీలో క్యాంటీన్ చూసుకుంటాను. రెండు షిఫ్టుల వాళ్లకు అన్నం, పప్పు, కూర, బీహార్ ఒడిశా నుంచి వచ్చినవాళ్లకు రొట్టెలు, అన్నీ నా చేతిమీదే నడుస్తాయి. అక్కడ అందరూ "మస్తుంది మేడం" అనేవాళ్లే. పటేల్‌గూడలో ఇంటికొచ్చి నాలుగు గరిటెల పప్పు వండితే మాత్రం అత్తమ్మ ఒక ముద్ద తిని, ఆగి, పైకి చూసేది.

"పోపుల ఎల్లిపాయ జల్దీ తీసినవ్ గదనే?"

నిజంగానే తీసి ఉంటాను. అదే నా ఉక్రోషం.

ఒక చలికాలం ఆమెకు జ్వరం వచ్చింది. వారంపాటు మంచం దిగలేదు. తర్వాత తగ్గింది, లేచి తిరిగింది, ఆదివారం చర్చికి కూడా వచ్చింది. అంతా మామూలే అనుకున్నాం. కానీ నోటికి రుచి రాలేదు. వాసనా తెలియడం లేదు. డాక్టరు నోరు, ముక్కు అన్నీ చూసి, కొందరికి ఇలా నెలలు పడుతుందని, ఓపిక పట్టమని చెప్పి పంపాడు.

ఆమె ఓపిక పట్టింది. పెట్టింది తినేది, కంచం కడిగి బోర్లించేది. ఏమీ అనేది కాదు. ఒకరోజు నేను హడావుడిలో పప్పులో ఉప్పు వేయడం మరిచాను. మా ఆయన మొదటి ముద్దకే ముఖం చిట్లించాడు. అత్తమ్మ మాత్రం కంచం ఖాళీ చేసి లేచింది.

"అమ్మా, ఉప్పే లేదు గదా, ఎట్ల తిన్నవే?" అన్నాడాయన.

"ఉన్నదో లేదో నాకేం ఎరుక బిడ్డా" అంది ఆమె మెల్లగా.

నేను వంటింట్లోకి పోయి ఊరికే నిలబడ్డాను. పెళ్లయిన నాటినుంచీ ఈ మనిషి ఒక్కపూట నోరు మూసుకుంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇప్పుడు ఆ మాట నెరవేరినట్టయి నామీద నాకే అసహ్యమేసింది. చింతచిగురు వండాను, గోంగూర నూరాను, మిరపకాయలు కాల్చి తొక్కు చేశాను. దేనికీ ఆమె ముఖంలో కదలిక లేదు. "మెత్తగున్నది", "గరుకుగున్నది", "వేడిగున్నది", అంతే. ఆమె బరువు తగ్గుతూ వచ్చింది. జాకెట్లు వదులై భుజాలు జారుతుంటే పిన్నీసులు పెట్టుకునేది.

ఎండలు ముదిరే సమయంలో మా క్యాంటీన్ వెనక కానుగ చెట్లు పూశాయి. గ్యాస్ సిలిండర్లుంచే షెడ్డు పొడవునా ఆ చెట్లే. రాలిన పూలు నేలమీద మరమరాలు చల్లినట్టు పరుచుకుంటాయి. ఒక పొద్దున సిలిండర్ తీయడానికి వెళ్లినవాడు పరిగెత్తుకొచ్చాడు. షెడ్డు మీదికి వంగిన కొమ్మకు అరచేయంత తేనెపట్టు. నిన్నమొన్న పెట్టింది కాదు, ఆకుల చాటున ఉండి ఎవరికీ కనపడలేదంతే.

సెక్యూరిటీ ఆఫీసరు వచ్చి చూశాడు. మిలటరీలో పనిచేసి వచ్చిన మనిషి, తెలుగూ హిందీ కలిపి మాట్లాడతాడు.

"సిలిండర్ల పక్కన ఇది ఖతర్నాక్ మేడం. స్ప్రే తెప్పిస్తున్నా. దో మినిట్ మే సాఫ్."

నేను తలూపేదాన్నే. ఇంతలో మొక్కలకు నీళ్లు పడుతున్న అక్క పైపు అక్కడే పడేసి వచ్చింది. ఆమె మా ఫ్యాక్టరీలో తోటపని చేస్తుంది. హత్నూర పక్క ఊరామె, నాకన్నా నాలుగైదేళ్లు పెద్దది. అప్పటిదాకా ఆమెకూ నాకూ మధ్య ఉన్న మాటలు రెండే. నేను "అక్కా, అన్నం తిన్నవా?" అనడం, ఆమె "తిన్న మేడం" అనడం.

"సార్, మందు గొట్టకుండ్రి" అంది. "చిన్నీగలు ఇవి. ఏమనయ్. నేను తీసి ఆ గోడకాడి చెట్టుకు కడ్త. జెర టైం ఇయ్యుండ్రి."

"కుడితే జిమ్మేదారీ ఎవరిది?"

"నాదే."

ఆఫీసరు ముందు సిలిండర్లన్నీ దూరం పంపించాడు. తర్వాత అక్క ఎండిన పిడక ముక్కను చిన్న డబ్బాలో రాజేసి, పైన పచ్చి వేపాకు వేసి పొగ చేసింది. కొంగు ముఖానికి చుట్టుకుని నిచ్చెనెక్కింది. పొగ ఊదుతూ, చంటిపిల్లలను పక్కకు జరిపినట్టు, "జరగుండ్రి, జరగుండ్రి, అయిపాయె" అంటూనే ఉంది. నేను క్యాంటీన్ కిటికీ మూసేసి అద్దంలోంచి చూస్తున్నాను. పట్టు పైభాగం కొమ్మ చుట్టూ లావుగా ఉబ్బి ఉంది. అందులోనే తేనె ఉంటుందట. దాన్ని మాత్రం కత్తితో కోసి గిన్నెలో వేసుకుంది. కింద ఈగ పిల్లలున్న భాగాన్ని ముట్టలేదు. కొమ్మతో సహా కోసి, పట్టుకెళ్లి, గోడ దగ్గరి చెట్టుకు దారంతో కట్టింది. మధ్యాహ్నం కల్లా ఈగలన్నీ అక్కడే వాలాయి. ఆఫీసరు వచ్చి ఆ దారం ముడి చూసి, ఆమెకు సెల్యూట్ లాంటిదొకటి కొట్టి పోయాడు.

అక్క గిన్నె పట్టుకుని క్యాంటీన్‌లోకి వచ్చింది. పిండితే గ్లాసు కూడా నిండలేదు. నాకు ఒక చెంచా ఇచ్చింది. మొదట తీపి. అది దిగాక గొంతు దగ్గర సన్నగా చేదు.

"పాడైందా అక్కా?"

ఆమె నవ్వింది. "పాడెందుకైతది! కానుగ మేడం. అండ్ల జెర వేప సుత ఉన్నది. ఆ గోడ అవతలి వేపలు మొన్నటిదాంక పూసినయ్ గద. ఏ పువ్వు తాగితే ఆ పువ్వు రుచే వస్తది."

నలభై దాటిన దాన్ని, వంటే నా బతుకు. అయినా తేనె అంటే సీసాలో ఉండే ఒకే ఒక్క రుచి అనుకున్నాను అప్పటిదాకా.

"ఈ ఫ్యాక్టరీల పొగ, కంపు ఉంటాయి గదా, తినొచ్చునా?" అని కూడా అడిగాను.

"కెమికల్ కంపెనీల నాలా దిక్కు పట్టు ఉంటె నేను ముట్టనే ముట్ట. మనదిక్కు ఆ నీళ్లు రావు. నువ్వు పరేషాన్ గాకు."

ఆమె సగం తీసుకుని, సగం నా స్టీలు డబ్బాలో పోసింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్తమ్మ వరండాలో కూర్చుని ఉంది. ఇస్తే తింటుందని తప్ప నాకు ఇంకే ఆశా లేదు. షుగరు లేని మనిషి కాబట్టి భయమూ లేదు. చెంచా నోట్లో పెట్టుకుంది. అలవాటైన ఖాళీ ముఖంతో చప్పరించింది. మింగింది. తర్వాత కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇదేందే, చేదుగున్నది?"

నేను కంగారుపడి, "కానుగ పువ్వుదట అత్తమ్మా, అట్లనే ఉంటదట..." అని చెప్పబోయి ఆగిపోయాను. ఆమె కూడా ఆగిపోయింది. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం.

"చేదు తెలిసిందా?" అన్నాను.

"ఇంకో చెంచా ఇయ్యి."

ఇచ్చాను. కళ్లు మూసుకుంది. ఈసారి చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది.

"తీపి తెలుస్తలేదు. బరువుగ ఉన్నది అంతే. గని వెనకాల చేదున్నది. సన్నగ. ఇగో, ఈడ." వేలితో గొంతు పక్కన చూపించింది.

నేను నవ్వడం మొదలుపెట్టాను. ఆమె కూడా నవ్వింది, నవ్వుతూనే పమిట చెంగుతో కళ్లు ఒత్తుకుంది. మా ఆయన డ్యూటీనుంచి వచ్చేసరికి అత్తాకోడళ్లం డబ్బా మధ్యలో పెట్టుకుని, చేదుగా ఉంది చేదుగా ఉంది అని ఒకరికొకరం చెప్పుకుంటూ పకపకా నవ్వుతున్నాం. ఆయన గుమ్మంలోనే నిలబడిపోయి, "ఏమైంది మీ ఇద్దరికి?" అన్నాడు.

మర్నాడు నేను ఫ్యాక్టరీలో అక్కను వెతుక్కుంటూ వెళ్లి సంగతంతా చెప్పాను. ఆమె పైపు కట్టేసి, విని, "ఆయితారం నేనే వస్త" అంది. ఆదివారం మేం చర్చినుంచి వచ్చేసరికి నిజంగానే గేటు దగ్గర నిలబడి ఉంది. చేతిలో చిన్న సీసా. లోపల తేనె దాదాపు నల్లగా ఉంది.

"నేరేడు, టీచరమ్మా. మా తమ్ముని చెలకకాడిది. వగరుంటది."

అత్తమ్మ ఎంతో ఆశగా నోట్లో వేసుకుంది. మేమిద్దరం ఆమె ముఖమే చూస్తున్నాం. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నీళ్ల లెక్కున్నది."

నేను సీసాకు మూత పెట్టబోయాను. అక్క మాత్రం నేలమీద తీరికగా కూర్చుని, "రానియ్యి టీచరమ్మా, ఏం తొందర? ఆ చేదు వచ్చింది గద, తక్కినయ్యి దాని వెనకాలనే వస్తయ్" అంది. సీసా వదిలి వెళ్లింది. అత్తమ్మ రోజూ పొద్దున్నే అర చెంచా నేరేడు తేనె, అర చెంచా కానుగ తేనె చప్పరించేది. బడిలో ఎక్కాలు చెప్పించినంత క్రమంగా చేసేది ఆ పని. పది రోజులైందో పన్నెండు రోజులైందో, వంటింట్లోంచి ఒకటే కేక.

"వగరు! వగరొచ్చిందే!"

నేను రొట్టెల పిండి చేతులతోనే పరిగెత్తాను.

ఆ తర్వాత ఏది ఎప్పుడు వచ్చిందో వరసగా చెప్పలేను. ఒకరోజు పులుపు వచ్చింది, మామిడికాయ పప్పుతో. ఉప్పు కొన్నాళ్లు వచ్చినట్టే వచ్చి పోయింది. తీపి అన్నిటికన్నా ఆలస్యం. వానాకాలంలో ఒక పూట భోజనానికి కూర్చుని, మొదటి ముద్ద తిని, ఆగి, పైకి చూసింది.

"పప్పు ఇంకొంచెం ఉడకాలె. పసుపు ఎక్కువైంది" అంది.

మా ఆయన కంచం వదిలి లేచి ఆమెను పట్టుకున్నాడు. నేను ఆ పప్పు గిన్నె పక్కన పెట్టేసి మళ్లీ వండాను. అంత సంతోషంగా నేనెప్పుడూ ఒకే పూట రెండుసార్లు పప్పు వండలేదు.

రుచి వచ్చేసింది కాబట్టి తేనె గొడవ అక్కడితో అయిపోవాలి. కానీ అత్తమ్మకు అది పట్టుకుంది. బతుకమ్మ పండుగ దాటాక ఒక ఆదివారం, ఆరాధన కాగానే, "హత్నూరకు పోదాం" అని పట్టుబట్టింది. అక్కను కూడా ఎక్కించుకుని ఆటోలో వెళ్లాం. అక్క తమ్ముడి చేను పక్కన రాళ్ల గుట్ట, దానినిండా రేగు పొదలు. దారిపొడవునా తంగేడు పసుపుపచ్చగా విరగబూసి ఉంది.

"గింత పువ్వున్నది, తంగేడు తేనె మస్తుంటదేమో?" అంది అత్తమ్మ.

"తంగేడుల తేనె ఉండది టీచరమ్మా. ఈగ దానికాడికి పుప్పొడికే పోతది" అంది అక్క.

ముప్పై ఏళ్లు పిల్లలకు పూల పాఠం చెప్పిన మనిషి ఆటోలోంచి తల బయటపెట్టి ఆ పూలను మళ్లీ చూసింది. "నాకు తెల్వకపాయె" అంది. ఆ మాట ఆమె నోట వినడం నాకదే మొదటిసారి. ఆమెకేమీ చిన్నతనంగా లేదు, పైగా ముఖం వెలిగిపోతోంది.

గుట్టమీద ఒక పొదలోంచి అక్క రేగుపూల పట్టు తీసి, అప్పుడే పిండి, మోదుగాకులో పోసి ఇచ్చింది. ఎర్రమట్టి రంగు తేనె. వాసన నాకు నచ్చలేదు, అటూ ఇటూ కాని ఘాటు. అత్తమ్మ మాత్రం ఆకు ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

"వాసనొస్తున్నది" అంది. "మంచిగ లేదు గని, వస్తున్నది!"

ఆకును శుభ్రంగా నాకింది. మేం తెచ్చుకున్న జొన్నరొట్టెను మిగిలిన తేనెలో అద్దుకుని ముగ్గురం ఆ రాళ్లమీదే తిన్నాం. అక్క తమ్ముడు పొలం పని ఆపి వచ్చి కూర్చుని, మా అత్తమ్మ ప్రతి ముద్దకూ చెప్పే సంగతులు విని, "ఈమె తిన్నంత మంచిగ నేను ఏనాడు తినలె" అన్నాడు.

అప్పటినుంచి మా వంటింటి కిటికీలో చిన్న చిన్న సీసాలు చేరాయి. ఒక్కోదానికి చీటీ, బడి పుస్తకాల్లో రాసినట్టు గుండ్రటి అక్షరాలు: కానుగ, వేప. నేరేడు, వగరు. రేగు, గుట్ట మీదిది. సంగారెడ్డి బజారుకు వెళ్లినా ఆమెకు అదే ధ్యాస. రోడ్డుపక్కన బకెట్లో తేనెపట్టు ముక్క వేసి అమ్ముతున్న ఒకతని ముందు ఆగింది.

"ఏ పువ్వుది నాయనా?"

"అడవి పువ్వుదమ్మా. అసలుది."

"అడవిల ఏ పువ్వు?"

అతను తలగోక్కున్నాడు. "అన్ని పువ్వులు."

అత్తమ్మ వేలితో అంటించుకుని చప్పరించి, "అన్ని పువ్వులు గాదు, చెరుకు" అంది. "బెల్లం పాకం మంచిగనే కాచినవ్. బెల్లం పాకమనే అమ్ము, నేనే కొంట." అతను ముందు దబాయించబోయాడు, తర్వాత ఆమె చూపు తట్టుకోలేక నవ్వేశాడు. నేను ఆమె చెయ్యి పట్టుకుని బస్సు దాకా లాక్కొచ్చాను.

కుంకుడు తేనె చలి మొదలయ్యాక దొరికింది. చిక్కగా, గొంతులో చురుక్కుమనేలా ఉంటుంది. దానితో పాటే అక్క ఇంకో సీసా తెచ్చింది. అది రేగు తేనె అని అక్క. కాదు, కుంకుడే ఎక్కువని అత్తమ్మ. ఇద్దరూ మా వంటింట్లో నీళ్లతో నోరు పుక్కిలిస్తూ, మళ్లీ చప్పరిస్తూ గంటసేపు వాదించుకున్నారు.

"చెట్టు చూసింది నేను టీచరమ్మా!"

"నాలుక నాది గదా!"

ఎవరూ తగ్గలేదు. ఆ సీసాకు మాత్రం చీటీ పడలేదు.

కోతల పండుగకు మా చర్చిలో ఎవరి పంట వాళ్లు తెచ్చి పెడతారు. వడ్లు, జొన్నలు, గుమ్మడికాయలు, కోళ్లు. ఆ ఏడు అత్తమ్మ తన సీసాలన్నీ బుట్టలో సర్దుకుని బయల్దేరింది. వేలానికి పెడదామని సంఘ పెద్ద అంటే ఒప్పుకోలేదు. "ఇవి అమ్మేటివి గావు. అందరు జెర జెర నాలుకమీద పెట్టుకుని పోవాలె" అంది. ఆవరణలో ఒక బల్ల వేయించి, తెల్లగుడ్డ పరిచి, సీసాలు వరసగా పెట్టింది. అక్కను కూడా పిలిచింది. ఆమె కొత్త చీర కట్టుకుని వచ్చి, మొదట గేటు దగ్గరే తటపటాయించింది. అత్తమ్మే వెళ్లి చెయ్యి పట్టుకుని తెచ్చి పక్క కుర్చీలో కూర్చోబెట్టింది.

ఆరాధన ముగిసి జనం బయటికి రాగానే బల్ల చుట్టూ మూగారు. పుల్లలు విరిచి ఒక్కొక్కరికి ఒక్కో చుక్క. ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, టీచర్లు, పెద్ద రైతులు, అందరూ పిల్లల్లా నాలుకలు చాపారు. మా పాస్టరు అయ్యగారు కానుగ తేనె రుచిచూసి, ఉలిక్కిపడి, మర్యాదకు తలూపారు. అత్తమ్మ వదల్లేదు. "చేదున్నదా లేదా చెప్పుండ్రి అయ్యగారూ." ఆయన ఒప్పుకున్నారు. అందరూ గొల్లుమన్నారు.

చీటీ లేని సీసాను అందోలు దిక్కునుంచి వచ్చిన ఒక ముసలి రైతు చేతిలో పెట్టారు. ఆయన చిన్నప్పుడు గుట్టలెంబడి గొర్లు కాసిన మనిషి. కళ్లు చికిలించి, చప్పరించి, మళ్లీ అడిగి పోయించుకున్నాడు. అత్తమ్మా అక్కా ఆయన నోటివైపే చూస్తున్నారు.

"రెండూ ఉన్నయ్" అన్నాడు. "సగం గది, సగం గిది."

"మీకు తెల్వది" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. నేను పొట్ట పట్టుకుని నవ్వాను.

సరిగ్గా అప్పుడే ఎవరో అరిచారు. తేనె వాసనకు ఎక్కడినుంచో తేనెటీగలు వచ్చాయి. మొదట ఒకటి, తర్వాత పది, తర్వాత బల్లమీద గుడ్డంతా కదులుతోంది. జనం చెల్లాచెదురయ్యారు. అయ్యగారు తెల్లని అంగీ రెండు చేతులతో పైకెత్తుకుని గుమ్మడికాయల మీంచి దాటుకుంటూ పోయారు. కోళ్లు అరుస్తున్నాయి. నేను కూడా చర్చి మెట్లెక్కి తలుపు చాటుకు చేరాను.

"అత్తమ్మా, రాండి! కుడ్తయ్!"

అత్తమ్మా అక్కా మాత్రం లేవలేదు. కుర్చీల్లో కదలకుండా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఒక ఈగ సీసా అంచుమీద వాలి తలవంచి తాగుతోంది. ఇద్దరూ దానివైపు వంగి చూస్తున్నారు.

"తాగనియ్యి" అంటోంది అక్క, "దానిదే గద."

"ఏ సీసామీద వాలిందో చూడు ముందు" అంటోంది అత్తమ్మ.